ఉపగ్రహాలు ఒక్కటే సరిపోవు
ఉపగ్రహాలు వచ్చాక భూమిని కొలవడానికి నేల మీది అబ్జర్వేటరీలతో పెద్దగా పని లేదన్న వ్యాసకర్త మాట ఒప్పుకోలేను. కింద భూమి ఏ క్షణానికి ఎంత తిరిగిందో జీపీఎస్ ఉపగ్రహం తనంతట తాను చెప్పలేదు. దానికి వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని క్వేజార్లను (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాలను) చూడాల్సిందే. జర్మనీలోని వెట్‌జెల్ అబ్జర్వేటరీలో 20 మీటర్ల రేడియో టెలిస్కోప్ డిష్ చేసేది అదే: ఒకే క్వేజార్ సిగ్నల్ తనకూ, వేరే ఖండంలోని డిష్‌కూ ఎంత సమయం తేడాతో చేరిందో పట్టుకోవడం. ఆ తేడాను బట్టే భూమి ఎంత తిరిగిందో లెక్క తేలుతుంది. సర్వే పనిలో రోజూ వాడే మా రోవర్ (చేత పట్టుకెళ్లే జీపీఎస్ రిసీవర్) స్క్రీన్ మీద సెంటీమీటర్లలో రీడింగ్ కనిపిస్తోందంటే, దాని వెనక ఈ డిష్‌ల కష్టం కూడా ఉంది. వెట్‌జెల్‌లోనే నేల కింద, ఒక్కో వైపు 4 మీటర్లుండే రింగ్ లేజర్ (లేజర్ కాంతిని చతురస్రం చుట్టూ రెండు దిశల్లో తిప్పే పరికరం) ఆకాశం వైపు చూడకుండానే భూభ్రమణంలో తేడాలు కనిపెడుతుంది. ఇంత గొప్ప పరికరాన్ని వ్యాసంలో ఒక్క మాటైనా ప్రస్తావించకపోవడం బాధనిపించింది.