వీజీఏ కేబుల్ తర్వాత చుట్టొచ్చు, ముందు అడాప్టర్ మీద రాయండి

అటక మీంచి అట్టపెట్టె దింపి, కేబుళ్లన్నీ ఒకే సైజులో చుట్టి, ప్లాస్టిక్ డబ్బాల్లో సర్ది ఫొటో పెట్టేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ ఆ ఫొటోల్లో ఎప్పుడూ పాత మానిటర్లకు తగిలించే వీజీఏ కేబుళ్లు, ప్రింటర్ కేబుళ్లు ముందు వరసలో నీటుగా ఉంటాయి. అడాప్టర్లు మాత్రం ఏ బట్టల షాపు కవర్లోనో కుక్కేసి మూలన పడుంటాయి. పని తలకిందులుగా మొదలుపెట్టారన్నమాట. వీజీఏ చిక్కుపడితే పది నిమిషాలు పోతాయి. అడాప్టర్ తారుమారైతే రూటరే పోతుంది. ఏది తప్పుగా పెడితే వస్తువు కాలుతుందో దాంతో మొదలుపెట్టాలి. అందం సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

గుండ్రటి పిన్ను అడాప్టర్లన్నీ ఓసారి ముందేసుకోండి. రూటర్లవి ఎక్కువగా 12 వోల్టులు, పాత నెట్‌వర్క్ స్విచ్‌లు 5 లేదా 9, పెద్ద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు 12, ల్యాప్‌టాప్ 19, మానిటర్లు కూడా చాలావరకు 19. పిన్నులేమో చాలావాటికి ఒకే పోలిక. బయట 5.5 మి.మీ., లోపలి రంధ్రం 2.1 లేదా 2.5. ఆ 2.5 రంధ్రమున్న పిన్ను 2.1 సాకెట్లోకి కాస్త వదులుగానైనా దూరిపోతుంది. దూరింది కదా అని 19 వోల్టులు 12 వోల్టుల రూటర్‌లోకి వదిలితే ఇంకేముంటుంది? పైగా అడాప్టర్ మీది రాత ఎలా ఉంటుందో తెలిసిందే: నలుపు మీద బూడిద రంగు, చీమ తలకాయంత అక్షరాలు. కరెంటు పోయి వచ్చిన హడావుడిలో దాన్ని ఎవరూ చదవరు.

స్టేషనరీ షాపులో తెల్ల పెయింట్ మార్కర్ దొరుకుతుంది. దాంతో అడాప్టర్ వీపు మీద పెద్దగా రాయండి: ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ఏ వస్తువుది. వోల్టులు సరిగ్గా అవే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, ఎక్కువున్నా ఫర్వాలేదు. తక్కువుంటేనే అసలు తంటా, ఎందుకంటే వెంటనే ఏమీ కాదు. రూటర్ వెలుగుతుంది, వైఫై మీద ఇంటిల్లిపాదీ పడ్డాక రీస్టార్ట్ అవుతుంది, మనం నెట్ కంపెనీకి ఫోన్ చేసి అరుస్తాం. ప్లస్, మైనస్ గుర్తు కూడా చూడండి. చాలావాటికి మధ్య పిన్ను ప్లస్సే కానీ గిటార్ పెడళ్లకు, కొన్ని పాత మ్యూజిక్ కీబోర్డులకు మధ్యది మైనస్. వస్తువు పోయి అడాప్టర్ మాత్రమే మిగిలితే 12 వోల్టులు 2 ఆంపియర్లది ఒకటి, 5 వోల్టులు 2 ఆంపియర్లది ఒకటి ఉంచుకోండి. మిగతావి దండగ.

ఇంతకంటే ప్రమాదమైంది ఇంకోటుంది, తెలిసినవాళ్లు కూడా బోల్తా పడేది. డెస్క్‌టాప్ పవర్ సప్లై మాడ్యులర్ రకమైతే కేబుళ్లు రెండు వైపులా ఊడొస్తాయి. హార్డ్ డిస్కుకు, మదర్‌బోర్డుకు తగిలే కొసకు స్టాండర్డ్ ఉంది. పవర్ సప్లైకి తగిలే కొసకు అలాంటిదేం లేదు. ఏ రంధ్రంలో 12 వోల్టులు, ఏ రంధ్రంలో 5 వోల్టులు అన్నది తయారీదారు ఇష్టం. ఒకే బ్రాండు రెండు మోడళ్లకు కూడా వేరుగా ఉండొచ్చు. కనెక్టర్ ఠక్కున కూర్చుంటుంది, ఎస్ఎస్‌డీ (చిప్పులతో నడిచే డిస్కు) 5 వోల్టుల లైన్లోకి 12 వస్తుంది, డిస్కు డేటాతో సహా పోతుంది. కాబట్టి ఆ కేబుళ్లను "సాటా (డిస్కులకు తగిలించేవి) కేబుళ్లు" అని విడిగా ఒక డబ్బాలో వేయకండి. పవర్ సప్లై మోడల్ పేరు రాసిన సంచిలో కట్టి ఉంచండి. పవర్ సప్లై పారేసిన రోజే దాని కేబుళ్లూ పోవాలి. పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకు మార్చే చవక కన్వర్టర్లలో కనెక్టర్‌ను వైర్ల మీదే ప్లాస్టిక్ పోసి అచ్చుగా చేసినవి ఉంటాయి. లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి నిప్పంటుకున్న సందర్భాలున్నాయి. వాటిని దాచకండి.

బ్యాటరీలు అసలు దాచే సామానే కాదు. ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీని అటక మీద పెట్టడమంటే నిప్పు దాచుకోవడమే. నొక్కొద్దు, గుచ్చొద్దు, ఎండ తగలని చోట విడిగా పెట్టి త్వరగా వదిలించుకోండి. యూపీఎస్‌లో ఉండే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి పడుంటే లోపల సల్ఫేట్ పేరుకుని చస్తుంది. పాత బ్యాటరీ ఇస్తే కొత్తదాంట్లో కొంత తగ్గించే షాపులు ఊరంతా ఉన్నాయి, అక్కడ ఇచ్చేయండి. మదర్‌బోర్డు బిళ్ల బ్యాటరీని బిస్కెట్ల రేకు డబ్బాలో ఊరికే పడేయొద్దు. రెండు వైపులా టేప్ అంటించండి, పిల్లల చేతికి అందనీయకండి. మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక అటక గురించి. హైదరాబాద్‌లో పై అంతస్తు ఫ్లాట్‌లో స్లాబు కింద అటకంటే ఏప్రిల్, మే నెలల్లో పొయ్యే. రబ్బరు బ్యాండ్లు కరిగి కేబుల్‌కు అతుక్కుంటాయి. పీవీసీ తొడుగు మెత్తదనం కోసం కలిపిన నూనెలు బయటికొచ్చి కేబుల్ జిగటగా మారుతుంది, పక్కనున్న ప్లాస్టిక్ వస్తువు మీద మరక కూడా పడుతుంది. మాస్కింగ్ టేప్ జిగురు ఎండిపోయి లేబుళ్లన్నీ డబ్బా అడుగున తేలతాయి. బీరువా కింది అర వాడండి. రబ్బరు బ్యాండ్ల బదులు టైలరింగ్ మెటీరియల్ షాపులో వెల్క్రో మీటర్ల లెక్కన కొని 15 సెం.మీ. ముక్కలు కోసుకోండి. లేబుల్ అంటే కాగితం ముక్క, దాని మీద పారదర్శక ప్యాకింగ్ టేప్, కేబుల్ చుట్టూ జెండాలా.

మామూలు కేబుళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. డెస్క్‌టాప్ పవర్ కేబుళ్లు రెండు, హెచ్‌డీఎంఐ రెండు, నెట్‌వర్క్‌వి రెండు, సాటా డేటా రెండు, వీజీఏ ఒకటి. పాత డిస్కుల వెడల్పాటి ఐడీఈ రిబ్బన్ కేబుల్ ఇంట్లో ఐడీఈ డిస్కు ఉంటేనే. యూఎస్‌బీ-సీ దగ్గర మాత్రం ఆగాలి. చూపుకు అన్నీ ఒకటే. మామూలువి 60 వాట్ల వరకు, లోపల చిప్ ఉన్న 5 ఆంపియర్లవి 100 లేదా 240 వాట్లు. వేగం కొన్నిటికి సెకనుకు 480 మెగాబిట్లు దాటదు, కొన్నిటికి గిగాబిట్లలో ఉంటుంది. అందుకే కొన్నరోజే అట్టపెట్టె పారేయకముందే వాట్లు, వేగం రాసి కేబుల్‌కు జెండా కట్టేయండి. తర్వాత తెలుసుకోవాలంటే టెస్టర్ కావాలి. ఫైబర్ కనెక్షన్ పచ్చమూతి ప్యాచ్ కార్డ్‌ను (సన్న ఫైబర్ కేబుల్‌ను) గట్టిగా చుట్టకండి, కొసకు దుమ్ము పడకుండా పెట్టిన టోపీ తీయకండి.

ర్యామ్‌ను వెండి రంగు యాంటీ స్టాటిక్ (స్థిర విద్యుత్తు నుంచి కాపాడే) సంచిలో పెట్టండి. గులాబీ సంచి తనలో స్టాటిక్ పుట్టకుండా చూస్తుంది, బయటి నుంచి వచ్చే దెబ్బను ఆపదు. సంచి మీద ర్యామ్ ఏ తరానిదో డీడీఆర్3, డీడీఆర్4 అని రాయండి. డీడీఆర్2 ఇక దాచనక్కర్లేదు.

తీసేసినవి ఏం చేయాలి? నడిచే ర్యామ్, డిస్కు అయితే సికింద్రాబాద్ సీటీసీలోని (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ షాపుల్లో అడిగి చూడండి. కేబుళ్లు పాత సామాన్లవాడికి వేస్తే రాగి కోసం తొడుగు కాల్చే అవకాశం ఎక్కువ. పీవీసీ పొగ విషం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లున్నారు, వాళ్లకివ్వండి. డిస్కు ఇచ్చేముందు క్విక్ ఫార్మాట్ చేసి వదిలేయకండి, డేటా లోపలే ఉంటుంది. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ పక్కనున్న టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే హార్డ్ డిస్కంతా సున్నాలతో నిండుతుంది. ఎస్ఎస్‌డీకైతే కంపెనీ టూల్‌లో సెక్యూర్ ఎరేజ్ ఉంటుంది. అసలు నడవని డిస్కుకు డ్రిల్లు పెట్టి లోపల డేటా ఉండే ప్లేటుకు రంధ్రం చేయండి, కళ్లద్దాలు పెట్టుకుని. ల్యాప్‌టాప్ డిస్కుల్లో ప్లేటు గాజుది కూడా ఉంటుంది.