లెక్కలడిగే వాళ్లను కట్టడి చేయాలి

వాతావరణ నిధుల మీద పౌర సంఘాల పెత్తనం ఈ మధ్య మరీ మితిమీరింది. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు ధనిక దేశాలు పెద్ద మనసు చేసుకుని డబ్బిస్తామంటున్నాయి. ఇస్తామన్న వాళ్లను పట్టుకుని ఎప్పుడిస్తారు, ఎంతిస్తారు, దేనికిస్తారు అని నిలదీయడం మర్యాదస్తుల పనేనా?

2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో మాటిచ్చారు. ధనిక దేశాల కూటమి ఓఈసీడీ లెక్క ప్రకారం 2022లో సమకూర్చారు కూడా. భూమి వేడెక్కడానికి రెండు శతాబ్దాలు పట్టింది, డబ్బు రావడానికి రెండేళ్లు ఆగలేరా? పైగా ప్రభుత్వాలిచ్చిన దాంట్లో ఎక్కువ భాగం అప్పేనని ఇంకో గొణుగుడు. అప్పు మాత్రం సాయం కాదా? వడ్డీతో సహా తిరిగి తీసుకునే సాయం!

అసలు వాతావరణ సాయం కింద ఏం రాసుకోవచ్చో అన్ని దేశాలూ ఒప్పుకున్న నిర్వచనం ఇప్పటికీ లేదు. సృజనకు ఇంతకన్నా అనువైన చోటేముంటుంది! ఇటలీ ఆసియాలో చాక్లెట్, ఐస్‌క్రీం దుకాణాలకు పెట్టిన సొమ్మును ఈ ఖాతాలోనే చూపిందని 2023లో వార్తా సంస్థ రాయిటర్స్ బయటపెట్టింది. ఎండలు ముదురుతున్నాయి, ఐస్‌క్రీం కన్నా ముందుచూపేముంది చెప్పండి. బెల్జియం ఒక ప్రేమకథా చిత్రానికి, అమెరికా హైతీలో హోటల్ విస్తరణకు ఇచ్చినవీ ఇందులోకే వచ్చాయి. జపాన్ అయితే బంగ్లాదేశ్‌లో బొగ్గు విద్యుత్ కేంద్రాన్నే చూపింది. (జబ్బును కూడా మందుల ఖర్చులో రాసుకునేంత విశాల దృష్టి అందరికీ రాదు.)

ఇక పారదర్శకత లేదనేవాళ్లు దక్షిణ కొరియాలోని సొంగ్డో దాకా ఓసారి వెళ్లి రావాలి. ఈ సాయాన్ని ప్రాజెక్టులకు అందించే హరిత వాతావరణ నిధి (గ్రీన్ క్లైమేట్ ఫండ్) కార్యాలయం అక్కడే ఉంది. దాని బోర్డులో 24 మంది సభ్యులు. వాళ్లకు తోడు ప్రపంచంలోని పౌర సమాజమంతటి తరఫున ఇద్దరు క్రియాశీల పరిశీలకులు, ప్రైవేటు రంగం తరఫున మరో ఇద్దరు. కోట్లాది జనానికి రెండు కుర్చీలు, కంపెనీలకూ రెండే. ఇంతకన్నా సమన్యాయం ఎవరు చేస్తారు? అధ్యక్షులు అనుమతిస్తే మాట్లాడవచ్చు కూడా. ఓటు మాత్రం ఉండదు. అసలైన చర్చ వచ్చి తలుపులు వేసుకుంటే, క్రియాశీలంగా లేచి బయటికి నడవాలి.

ఇంత వెసులుబాటు ఇచ్చినా వాళ్లకు తృప్తి లేదు. ప్రపంచ బ్యాంకు వాతావరణ నిధుల్లో 4,100 కోట్ల డాలర్ల దాకా జాడ చెప్పే లెక్కలు లేవని 2024లో ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ గోల చేసింది. బ్యాంకు పద్ధతి సులువైనది: ప్రాజెక్టును ఆమోదించిన రోజున ఇంత ఖర్చవుతుందని రాసుకుంటారు. చివరికి నిజంగా ఎంతయిందో చూడటం ఆశావాదులకు తగని పని.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది మధ్య అమెరికాలోని నికరాగ్వా వ్యవహారం. అక్కడి అటవీ ప్రాజెక్టు తమకే చేటు తెస్తోందని 2021లో ఆదివాసీ, ఆఫ్రికా సంతతి జనం తరఫున హరిత నిధికి ఫిర్యాదు అందింది. దాన్ని ఎవరో నిజంగానే చదివినట్టున్నారు. మూడేళ్లకు, 2024లో, నిధి ఆ ప్రాజెక్టు నుంచే తప్పుకుంది. కుర్చీ కూడా లేనివాళ్లు ఒక్క కాగితంతో ఇంత చేస్తే, ఆ ఇద్దరు పరిశీలకులకు ఓటు కూడా ఉంటే ఏమయ్యేదో! వచ్చే సమావేశంలో మైకు ఇచ్చేముందు అధ్యక్షులు ఈ సంగతి కాస్త గుర్తుంచుకుంటే మంచిది.