ఏసీకి కూడా స్క్రీనేనా?
కార్లలో బటన్లకు బదులు పెడుతున్న టచ్‌స్క్రీన్ కొత్తలోనే ఇబ్బంది, కొన్నాళ్లకు అలవాటైపోతుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. బటన్ ఎక్కడుందో వేలికే తెలిసిపోతుంది. నున్నటి గాజు మీద ఏం తెలుస్తుంది? ఎన్నేళ్లు నడిపినా తల తిప్పి చూడాల్సిందే. 2022లో స్వీడన్ పత్రిక ‘వి బిలాగారే’ పరీక్ష పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో ఏసీ, రేడియో మార్చడం లాంటి నాలుగు పనులు చేయమంటే, బటన్లున్న 2005 నాటి వోల్వో వి70లో 10 సెకన్లలో అయిపోయాయి. టచ్‌స్క్రీన్ ఉన్న కొత్త కారు ఎంజీ మార్వెల్ ఆర్‌లో దాదాపు 45 సెకన్లు పట్టింది, ఈలోగా కారు కిలోమీటరు పైనే వెళ్లిపోయింది. పైగా కారుకి అలవాటు పడేందుకు డ్రైవర్లకు ముందే టైమ్ ఇచ్చారు కూడా! నా కారులో ముందు అద్దానికి పట్టిన ఆవిరి పోగొట్టాలన్నా స్క్రీనే గతి. విజయవాడ హైవే మీద జోరువానలో అద్దం మసకబారుతుంటే మ్యాప్ పక్కకు నెట్టి, ఏసీ పేజీ తెరిచి, అప్పుడు నొక్కాలి. ఒక్క కుదుపు వచ్చిందంటే వేలు పక్కదాని మీద పడి సీటు ఫ్యాన్ మొదలవుతుంది. వాయిస్ కమాండ్ ఉందిగా అంటారేమో, వెనక పిల్లల గోలలో, మన ఇంగ్లిష్ యాసకి అది వినే మాట తక్కువ. కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్ లాంటివాటికి విడిగా స్విచ్‌లు లేకపోతే మార్కులు తగ్గిస్తోంది. మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఆ పని చేస్తే బాగుంటుంది, ఆ జాబితాలో ఏసీని కూడా కలిపి.