ఆ రాత్రి అక్కకు నూనె అందలేదు

పరాయి దేశంలో మనం నడుపుకుంటున్న క్రైస్తవ ఫెలోషిప్ కన్వెన్షన్ మూడో రాత్రి గురించి రాస్తున్నాను. ఆ రాత్రి హాల్లో మీలో చాలామంది ఉన్నారు. పాటలు ఎవరు పాడారో, వాక్యం ఎంతసేపు సాగిందో మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాను. నా పక్కన వీల్‌చైర్‌లో అక్క ఉంది.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, మన సండే స్కూల్ అక్క. మన పిల్లల్లో సగంమందికి మొదటి కంఠత వాక్యం నేర్పింది ఆవిడే. రెండేళ్ళుగా కేన్సర్‌తో పోరాడుతోంది. ఫ్లయర్ మీద "అభిషేక రాత్రి" అని చూసి నాకు ఫోన్ చేసింది. "నన్ను తీసుకెళ్తావా అమ్మా? ఒక్కసారి నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకోవాలని ఉంది" అంది. ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా వెళ్ళి పక్కన కూర్చునే మనిషి. తన కోసం మాత్రం ఎవరినీ ఏదీ అడగదు. నాకు తెలిసి అడగడం అదే మొదటిసారి.

వాక్యం చెప్పడానికి వచ్చిన దైవజనులు నూనె గిన్నె పట్టుకుని వేదిక ముందు నిలబడ్డారు. ముందుగా సభలకు సహాయం చేసినవాళ్ళను పేరుపేరునా పిలిచారు. తర్వాత కమిటీ కుటుంబాలను, ఆ తర్వాత యూత్‌ను. వరుస కదులుతుంటే నేను అక్క కుర్చీని మధ్య దారిలోకి తోశాను. వాలంటీర్ బాబు ఎదురొచ్చి, "ఆంటీ, కుర్చీ ఇక్కడుంటే దారి మూసుకుపోతుంది. లైన్ అయిపోగానే నేనే వచ్చి పిలుస్తాను" అన్నాడు. ఆ అబ్బాయిని నేను ఏమీ అనను, వాడికి చెప్పింది వాడు చేశాడు. లైన్ అయిపోయేసరికి హాలు ఖాళీ చేసే టైమ్ అయింది. దైవజనులు ఫ్లైట్ అందుకోవాలి. "ఇంకా నూనె అందనివాళ్ళు ఎవరి తల మీద వాళ్ళే చెయ్యి పెట్టుకోండి" అని మైకులో చెప్పారు. అక్క తలకు కట్టుకున్న స్కార్ఫ్ మీద తన చెయ్యి తనే పెట్టుకుంది.

కారులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడ్డాక, "పాపం, ఆయన కూడా అలిసిపోయి ఉంటారులే" అంది.

మర్నాడు కమిటీ గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఎవరినీ తప్పు పట్టలేదు. వచ్చే ఏడాది లేవలేనివాళ్ళ దగ్గరికి ముందు వెళ్దాం, ఆ తర్వాతే మిగతావాళ్ళను ముందుకు పిలుద్దాం అని రాశాను. గంట తిరక్కుండా ఒక సోదరుడు జవాబిచ్చారు: "సిస్టర్, 'నేను అభిషేకించినవారిని ముట్టకూడదు' అని వాక్యం ఉంది. జాగ్రత్త." అంటే దైవజనుల్ని ప్రశ్నించొద్దని. దాని కింద వరసగా ఆమెన్లు. నన్ను ఎక్కువ కోసింది ఆ రాత్రి కాదు, ఆ ఆమెన్లు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ వాక్యం దగ్గరికే వెళ్దాం. అది 105వ కీర్తనలో ఉంది. అక్కడ "అభిషేకించినవారు" ఎవరో పై వచనాల్లోనే కనిపిస్తుంది: అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. వాళ్ళకు సింహాసనం లేదు, పీఠం లేదు. వాళ్ళ తల మీద ఏ యాజకుడూ నూనె పోయలేదు. లెక్కకు కొద్దిమంది. ఒక జనం నుంచి ఇంకో జనం దగ్గరికి, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరిగిన పరదేశులు. వాళ్ళ జోలికి పోవద్దని దేవుడు గద్దించింది రాజుల్ని. అంటే బలం ఉన్నవాడితో, బలం లేని పరాయివాణ్ణి బాధపెట్టకు అని చెప్పిన మాట అది. మనమే ఇంకొకరి దేశంలో కొద్దిమందిగా బతుకుతున్నవాళ్ళం. ఆ కీర్తన మనకు ఎంత దగ్గరగా ఉండాలి! దాన్ని తీసుకెళ్ళి ఒక జబ్బుమనిషి తరఫున అడిగిన మాట మీద పెట్టాం.

దావీదు సంగతి కూడా చెబుతారు. తనను చంపాలని తరుముతున్న రాజు సౌలు యెహోవా అభిషిక్తుడని దావీదు అతని మీద చెయ్యి వేయలేదు. నిజమే. కానీ ఏన్గెదీ గుహలో సౌలు అంగీ చెంగు కోసిన దావీదు నోరు మూసుకుని ఉండిపోలేదు. గుహలోంచి బయటికి వచ్చి, వెనక నుంచి కేకవేసి పిలిచి, ఆ చెంగు చేతిలో పట్టుకుని చూపించి నిలదీశాడు. తర్వాత దావీదే రాజయ్యాడు. మూడుసార్లు అభిషేకం పొందినవాడు: ఇంట్లో అన్నల మధ్య ఒకసారి, యూదా వారి రాజుగా ఒకసారి, ఇశ్రాయేలంతటికీ రాజుగా ఇంకోసారి. అంతటివాడు తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. చెయ్యి ఎత్తకూడదు అన్న మాటకు నోరు ఎత్తకూడదు అని అర్థం చెప్పింది మనం.

అసలు అభిషేకం అంటే ఏమిటి? హీబ్రూలో మాషియాహ్ అన్నా, గ్రీకులో క్రిస్తోస్ అన్నా అర్థం ఒకటే, నూనెతో అభిషేకం పొందినవాడు అని. మనం రోజూ పలికే క్రీస్తు అన్న మాట పేరు కాదు, బిరుదు. ఆ బిరుదుతో మనల్ని క్రైస్తవులు అంటున్నారు.

నిర్గమకాండం 30లో ఆ తైలం ఎలా చేయాలో దేవుడు మోషేకు కొలతలతో సహా చెప్పాడు. గోపరసం 500 తులాలు, లవంగిపట్ట లాంటి సుగంధద్రవ్యాలు లెక్కప్రకారం, వాటిని కలపడానికి ఒలీవనూనె. దాంతో గుడారాన్ని, మందసాన్ని, బల్లను, దీపవృక్షాన్ని, బలిపీఠాన్ని, అహరోనును, అతని కుమారులను అభిషేకించాలి. అలాంటిది ఇంకొకటి చేయకూడదు, మామూలుగా ఒంటికి పూసుకోకూడదు అని గట్టి హెచ్చరిక కూడా ఉంది. దేవుని పని కోసం పక్కన పెట్టడం అన్నది మొదటి అర్థం. కన్వెన్షన్‌లో ప్రవేశద్వారం దగ్గర బల్ల మీద ఫోటో అంటించిన నూనె సీసాలు చూసినప్పుడు నాకు ఆ అధ్యాయమే గుర్తొచ్చింది.

కానీ నా మనసు ఎక్కువగా ఆగేది లేవీయకాండంలో. ఎనిమిదో అధ్యాయంలో అహరోనును ప్రధానయాజకుడిగా ప్రతిష్ఠించేటప్పుడు మోషే బలి రక్తం తీసి అతని కుడి చెవి కొన మీద, కుడి చేతి బొటనవేలి మీద, కుడి కాలి బొటనవేలి మీద పెట్టాడు. పద్నాలుగో అధ్యాయంలో ఒక కుష్ఠరోగి వస్తాడు. జనం గుడారాలు వేసుకున్న పాళెం బయట ఒంటరిగా బతికినవాడు, ఎవరూ ముట్టుకోనివాడు. బాగయ్యాక యాజకుడే పాళెం బయటికి వెళ్ళి చూడాలి. తర్వాత అతనికి కూడా అదే చెవి, అదే చేతి వేలు, అదే కాలి వేలు. ముందు రక్తం, దాని మీద నూనె. చేతిలో మిగిలిన నూనె అతని తల మీద. ప్రధానయాజకుణ్ణి ఎక్కడెక్కడ ముట్టుకున్నారో, వెలివేయబడి తిరిగొచ్చినవాణ్ణీ అక్కడక్కడే ముట్టుకున్నారు. ఈ రెండు అధ్యాయాలను పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు చదివానో! వేదిక దగ్గరికి రాలేనివాడి దగ్గరికి యాజకుడే నడిచి వెళ్ళడం ధర్మశాస్త్రంలోనే ఉంది.

ఇక యేసు ప్రభువు దగ్గరికి వస్తే, సువార్తల్లో ఏ యాజకుడూ ఏ ప్రవక్తా ఆయన తల మీద నూనె పోయలేదు. యొర్దానులో ఆత్మ దిగివచ్చింది. నజరేతు సమాజమందిరంలో యెషయా గ్రంథం విప్పి, బీదలకు సువార్త ప్రకటించడానికి ప్రభువు నన్ను అభిషేకించాడు అని చదివాడు. చెరలో ఉన్నవారు, గుడ్డివారు, నలిగినవారు, ఇదీ ఆ అభిషేకం ఎవరి కోసమో చెప్పే జాబితా. మరి చేతులతో ఆయనను అభిషేకించింది ఎవరు? స్త్రీలు. బేతనియలో కుష్ఠరోగియైన సీమోను ఇంట్లో ఒక స్త్రీ అత్తరు బుడ్డి పగలగొట్టి ఆయన తల మీద పోసింది. సువార్త రాసిన మార్కు ఆమె పేరు కూడా రాయలేదు. ఆ అత్తరు 300 దేనారాలకు పైగా విలువ చేస్తుంది, అంటే కూలివాడికి దాదాపు ఏడాది కష్టం. అక్కడున్నవాళ్ళు ఆమె మీద సణుక్కున్నారు. నా భూస్థాపన కోసం ముందుగానే నన్ను అభిషేకించింది అని ప్రభువు ఆమె వైపు మాట్లాడాడు. చావు దగ్గరపడ్డ శరీరానికి ఒక స్త్రీ ప్రేమతో రాసిన నూనె అది. అక్క కోరుకున్నది కూడా ఇంచుమించు అదే.

సంఘ చరిత్రలో ఈ నూనె చాలా దారులు పట్టింది. కతోలిక సోదరులకు విశ్వాసాన్ని స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం ఉంది, జబ్బుతో అవస్థలో ఉన్నవారికి ఇచ్చే అవస్థ అభ్యంగనం ఉంది. ఈ రెండోది కాలక్రమంలో ప్రాణం పోయే ఘడియకే పరిమితమైపోతే, రెండో వాటికన్ మహాసభ దాన్ని జబ్బుపడ్డవారి అభ్యంగనంగా చూడాలని చెప్పింది. 1972లో పోప్ ఆరో పౌలు ఆ విధిని సవరించారు. రాజుల అభిషేకం ఇంగ్లండులో ఇప్పటికీ ఉంది. 2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకం ప్రపంచమంతా చూసింది, కానీ నూనె రాసేటప్పుడు చుట్టూ తెరలు పెట్టారు. రాజుకే ఆ ఘడియలో అంత చాటు ఇచ్చారు. మన లైవ్‌స్ట్రీమ్ కెమెరా మాత్రం నూనె రాయించుకుని ఏడుస్తున్నవాళ్ళ ముఖాల మీదే ఉంది.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ దైవజనులు దూరం నుంచి వచ్చారు, మూడు రోజులు గొంతు పోయేలా వాక్యం చెప్పారు. ఆ రాత్రి ప్రార్థన తర్వాత ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు కౌగిలించుకోవడం నేను నా కళ్ళతో చూశాను. అభిషేకం గురించి ఇంత ఆశ మనలో ఉందంటే దానికి పరిశుద్ధాత్మ అభిషేకాన్ని ముందు పెట్టిన పెంతెకొస్తు ఉజ్జీవానికి రుణపడి ఉన్నాం. 1906లో లాస్ ఏంజిల్స్‌లోని అజూసా వీధిలో, పాడుబడిన ఒక భవనంలో ఆ ఉజ్జీవ కూటాలు నడిపిన విలియం సేమూర్ ఒకప్పటి బానిసల కొడుకు. అక్కడ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కన మోకరించారు, ఆడవాళ్ళు లేచి ప్రకటించారు. పీఠం లేనివాళ్ళకు నోరిచ్చిన అభిషేకం అది. దాని పేరు చెప్పి ఈరోజు ఒకరి నోరు మూయించడం నాకు అందుకే ఇంత బాధ.

నా చిన్నప్పుడు మా సంఘంలో ఒక పెద్దయ్య ఉండేవారు. చొక్కా జేబులో చిన్న నూనె సీసా. మూత కారుతుందని రుమాలు చుట్టేవారు, అయినా ఆ జేబు మీద మరక ఎప్పుడూ ఉండేది. ఎవరికి జ్వరమన్నా కబురు అందగానే నడిచి వెళ్ళేవారు. మాకు ఆయన పెద్దయ్యే, అభిషిక్తుడని ఎవరూ అనలేదు. పేరు ముందు బిరుదులు, ఫ్లయర్ మీద నిలువెత్తు ఫోటోలు తర్వాత మనం నేర్చుకున్నవి. ఇక్కడికి వచ్చేటప్పుడు మోసుకొచ్చింది కూడా వాటినే, ఆ సీసాను కాదు.

యాకోబు పత్రికలో రోగి లేచి రావాలని లేదు. "అతడు సంఘపు పెద్దలను పిలిపింపవలెను" అని ఉంది. వెళ్ళాల్సింది పెద్దలు. యోహాను తన మొదటి పత్రికలో మీరు పరిశుద్ధుని వలన అభిషేకం పొందినవారు అన్నది సంఘమంతటితో, ఒక్క ప్రసంగీకుడితో కాదు.

మూడు వారాల తర్వాత మేం అక్క ఇంటికి వెళ్ళాం. మన సంఘ పెద్దల్లో ఒకాయన, ఆయన భార్య, నేను. మైకు లేదు, పాట లేదు. ఆయన యాకోబు అయిదో అధ్యాయం చదివి అక్క నుదుటి మీద నూనె రాశారు. అక్క రెండు చేతులూ చాపి, "వీటికి కూడా రాయండి, సూదులు గుచ్చీ గుచ్చీ గట్టిపడిపోయాయి" అంది. రాశారు. తర్వాత తన అరచేతిలో మిగిలిన నూనె తీసి పక్కనున్న బావగారి చేతికి రాసింది. "ఈయనకీ కావాలి. రెండేళ్ళుగా నిద్ర లేదు" అంది. ఆయన తల తిప్పుకున్నారు. అక్క జబ్బు తగ్గిందని నేను చెప్పను, తగ్గలేదు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టిందని పొద్దున్నే మెసేజ్ పెట్టింది.

కమిటీ పెద్దలకు నా మనవి ఇది. వచ్చే కన్వెన్షన్‌లో మైకులో పిలిచే ముందు నూనె గిన్నె చివరి వరుసకు రావాలి. రాలేని కుటుంబాల పేర్లు ముందే రాసుకుని ఆ వారంలోనే ఇళ్ళకు వెళ్ళాలి. నూనె రాసే సమయంలో కెమెరా ఆపాలి. బల్ల మీద ఆ సీసాలు వద్దు. ఎవరైనా ప్రశ్న అడిగితే 105వ కీర్తన ఎత్తకండి, జవాబు చెప్పండి. నాకు జవాబిచ్చిన సోదరుడికి కూడా ఇదే చెబుతున్నాను, ఆయన మీద నాకు కోపం లేదు. ఒకసారి అక్క ఇంటికి మాతో రమ్మని అడుగుతున్నాను.

అక్కకు ఈ నెలలో మళ్ళీ కీమో ఉంది. మంగళవారం సాయంత్రాలు నేను అక్కడే ఉంటాను. రావాలనుకున్నవాళ్ళు ముందు నాకు ఫోన్ చేయండి. ఆ టైమ్‌కి ఆవిడ పడుకుని ఉంటే తలుపు కొట్టకండి, నేనే బయటికి వస్తాను.