ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు వారానికి ఎన్ని గంటల థెరపీ?

మా మేనల్లుడికి మూడేళ్లు నిండకముందే ఆటిజం అని తేలింది. రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే ఒక సెంటర్ వాళ్లు ఇంకో కాగితం ఇచ్చారు. స్పీచ్, ఓటీ (రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ), బిహేవియర్ థెరపీ కలిపి వారానికి 30 గంటలు. ముప్పైయే ఎందుకని చెల్లెలు అడిగితే, "ఎంత ఎక్కువైతే అంత మంచిదమ్మా, ఈ వయసు పోతే మళ్లీ రాదు" అన్నారట. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత కూడా చెప్పారట. ఆ మాట విన్నాక ఏ తల్లీ లెక్కలు అడగదు. గాజులు తాకట్టు పెట్టి ఫీజు కడుతుంది.

ఇంత పెద్ద అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తల్లిదండ్రులకు తెలియాలి. 1987లో లాస్ ఏంజెలెస్‌లో ఇవార్ లోవాస్ అనే సైకాలజిస్టు ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లకు పైగా శిక్షణ ఇచ్చిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి దాటారని, వాళ్ల ఐక్యూ కూడా సాధారణ స్థాయికి చేరిందని అందులో రాశారు. ఆ 9 మందే ప్రపంచమంతటి తల్లిదండ్రులకు ఆశ అయ్యారు. కానీ ఏ బిడ్డకు 40 గంటలు, పోల్చి చూడటానికి ఏ బిడ్డకు తక్కువ గంటలు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చలేదు, కాబట్టి ఆ మార్పంతా గంటల వల్లేనని గట్టిగా చెప్పలేం. పైగా ఆ శిక్షణలో గట్టిగా 'నో' అని గద్దించడం, అప్పుడప్పుడు తొడ మీద దెబ్బ వేయడం కూడా ఉండేవి. ఈ రోజు ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఆ తర్వాత 2001లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వారానికి కనీసం 25 గంటలు అంది. అయితే ఆ 25 గంటలంటే బిడ్డ నిమగ్నమై గడిపే, ప్రణాళిక ప్రకారం సాగే చదువూ ఆటా మొత్తం. గదిలో థెరపిస్టు ఎదురుగా కూర్చోబెట్టే గంటలు మాత్రమే కాదు.

గంటలకూ ఫలితానికీ ఉన్న సంబంధాన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగం 2021లో వచ్చింది. 87 మంది చిన్నపిల్లల్లో కొందరికి వారానికి 15 గంటలు, కొందరికి 25 గంటలు, ఏడాది పాటు ఇచ్చారు. మొత్తం మీద చూస్తే తేడా కనపడలేదు. 2024లో జామా పీడియాట్రిక్స్ పత్రిక 144 అధ్యయనాలను, 9 వేలకు పైగా పిల్లల వివరాలను కలిపి చూసిన విశ్లేషణ ప్రచురించింది. గంటలు పెరిగేకొద్దీ మేలు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం అందులోనూ దొరకలేదు. థెరపీ వద్దని దీని అర్థం కాదు. 'వాళ్ల నాన్నకీ మాటలు లేటే' అని ఏడాది ఆగమనే చుట్టాల మాట అసలు వినకూడదు. తొందరగా మొదలుపెట్టాలన్నది ఒక మాట, రోజంతా పెట్టాలన్నది ఇంకో మాట. ఈ రెండింటినీ కలిపేసి అమ్ముతున్నారన్నదే నా బాధ.

మా వాడి రోజు ఎలా ఉండేదో చెప్తాను. సెంటర్‌కి పోను రాను ఆటోలో రెండు గంటలు. మధ్యాహ్నం దారిలోనే నిద్రపోయేవాడు. గుమ్మం దగ్గర లేపి లోపలికి పంపితే మొదటి 20 నిమిషాలు ఏడుపే. కాగితం మీద మాత్రం అది పూర్తి 45 నిమిషాల సెషన్. చెల్లెలు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది, లోపలికి రానిచ్చేవారు కాదు. తగ్గించమంటే, "అన్నయ్యా, రేపు వాడికి మాట రాకపోతే నన్నే కదా అంటారు" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

తర్వాత వేరే చోట ఒక స్పీచ్ థెరపిస్టు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. వాడికి పెరుగంటే ప్రాణం. చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్తే, ఇదివరకు అడక్కుండానే గిన్నె తీసి ఇచ్చేసేది. ఇప్పుడు తలుపు మీద చెయ్యి పెట్టి, మనసులో ఐదు లెక్కపెట్టి ఆగుతుంది. ఒక సాయంత్రం వాడు తలెత్తి ఆమె మొహం చూసి "పె" అన్నాడు. ఒక్క చెంచాడే పెట్టింది. మళ్లీ "పె". ఆ పూట పద్నాలుగు సార్లు అన్నాడు.

ఇలాంటి పద్ధతినే గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో 65 మంది పిల్లలతో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. డాక్టర్లు, స్పెషలిస్టులు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలే ఆరు నెలల్లో 12 సార్లు తల్లిదండ్రులకు నేర్పారు. రోజూ ఇంట్లో ఓ అరగంట సాధన. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్ని విషయాల్లో మెరుగుదల రాలేదు, అదీ నిజమే. అలాగని భారమంతా తల్లి నెత్తిన వేయడం అన్యాయం. ఆ అరగంటలో నాన్న వంతు, తాతయ్య వంతు కూడా ఉండాలి.

మాట లేని బిడ్డకు, తలను గోడకేసి కొట్టుకునే బిడ్డకు ఎక్కువ గంటలు అవసరం కావచ్చు. ఆ నిర్ణయం బిడ్డను చూసి తీసుకోవాలి, ప్యాకేజీని చూసి కాదు. వచ్చే మూడు నెలల్లో ఏం నేర్పుతారు, వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది, నన్ను లోపల కూర్చోనిస్తారా అని అడగండి. స్పీచ్ థెరపిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. డబ్బుకు టెన్షన్ పడేవాళ్లు సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉందని, జిల్లాల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయపడే ప్రభుత్వ కేంద్రాలు డీఈఐసీలు ఉన్నాయని, కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాలో థెరపీకీ కొంత సాయం ఉందని తెలుసుకోవాలి.

మా వాడికి ఇప్పుడు వారానికి ఎనిమిది గంటలు. మధ్యాహ్నం ఇంట్లోనే నిద్రపోతున్నాడు. సాయంత్రం మా పిల్లలు వెళ్తే, ఆడకపోయినా వాళ్ల పక్కనే కూర్చుంటున్నాడు. మూడు నెలలయ్యాక మళ్లీ చూస్తాం. అవసరమైతే పెంచుతాం.