మహారాజశ్రీ అమెరికా సుంకం గారికి, వంద కౌంట్ రైతు వ్రాయునది

ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా
సెప్టెంబరు, 2025

మహారాజశ్రీ అమెరికా సుంకం గారి దివ్యసముఖమునకు,

ఒక రొయ్యల రైతు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. అలా రాయడం మర్యాద గనుక రాశాను. మా వైపు కుశలమేమీ లేదు.

మొన్న మా చెరువు పట్టుబడి. ముందురోజు సాయంత్రం ఏజెంటు వచ్చి, విసురు వల వేయించి, కిలో తూచి, ఒక్కొక్కటే లెక్కపెట్టి వంద కౌంట్ అన్నాడు, అంటే కిలోకి వంద రొయ్యలు. రేటు చెప్పాడు. సరేనన్నాను. తెల్లారగట్ల వల దిగింది, ఐసు వచ్చింది, ట్రేలు వరసగా పేర్చారు. సగం సరుకు గట్టు మీద పడ్డాక అతనికి ఫోనొచ్చింది. పక్కకెళ్లి మాట్లాడి వచ్చి, "ఏమనుకోకండి బాబాయ్ గారూ, కిలోకి పాతిక తగ్గించమంటున్నారండి. అమెరికా వాడు సుంకం పెంచాడు కదండి" అన్నాడు.

ఆగస్టు 27 నుంచే అమల్లో ఉన్న తమరు మా గట్టు దాకా రావడానికి సరిగ్గా సగం సరుకు బయటపడే ముహూర్తమే ఎందుకు చూసుకున్నారో తమకే తెలియాలి. గట్టెక్కిన రొయ్యని మళ్లీ చెరువులో పోసుకోలేం. ఆ సంగతి తమకి తెలియకపోవచ్చు గానీ ఏజెంటుకి బాగా తెలుసు.

తమ రాకపోకల మీద నాకేమీ ఫిర్యాదు లేదు. ఏప్రిల్ 2న వైట్‌హౌస్ తోటలో బోర్డు మీద 26 శాతంగా దర్శనమిచ్చారు. వారం తిరక్కుండానే తొంభై రోజులు సెలవు పెట్టారు. ఆగస్టు 7న 25గా వచ్చి, ఇరవై రోజుల్లో రెట్టింపయ్యారు. మేం మరీ చవగ్గా అమ్ముతున్నామని వేసే సుంకం, తమ పెద్దన్న యాంటీ డంపింగ్ గారు 2005 నుంచీ మా ఇంట్లోనే ఉంటున్నారు. మాకు సర్కారు సాయం అందుతోందని వేసే సుంకం, తమ్ముడు కౌంటర్‌వెయిలింగ్ గారు నిరుడు డిసెంబరులో దిగారు. ముగ్గురూ కలిస్తే 58 శాతం దాకా తేలారు. అదే ఈక్వెడార్ రొయ్యకి తమరు 15 దగ్గరే ఆగిపోయారట. వాళ్లకి మీ ఊరు దగ్గర కూడా. బంధుప్రీతి ఉండాల్సిందే.

రెండో పాతిక శాతం మా దేశం రష్యా నూనె కొన్నందుకట. మా రొయ్య ఆ నూనె ఒక్క చుక్క తాగలేదని ప్రమాణం చేయగలను. నేను కూడా తాగలేదు. రాత్రిళ్లు కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిప్పడానికి జనరేటర్లో డీజిల్ పోస్తాను. ఆ డీజిల్‌లో ఆ చవక నాకేమీ కనిపించలేదు. చవక నూనె లాభం ఎవరింటికి వెళ్లిందో తెలీదు గానీ, దాని శిక్ష మాత్రం చిరునామా వెతుక్కుంటూ మా చెరువుకే వచ్చింది.

ఇంకో చిన్న విన్నపం. మేం వేసే వనామీ అసలు మా రొయ్యే కాదు. 2009లో ప్రభుత్వం అనుమతిచ్చింది. తల్లి రొయ్యలు హవాయి నుంచీ ఫ్లోరిడా నుంచీ విమానాల్లో వస్తాయి. చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ ముగించుకుని, పిల్లల్ని పుట్టించే హేచరీలకి చేరతాయి. వాటి దిగుమతి సుంకం నిరుడు జులై బడ్జెట్‌లో మావాళ్లు 5 శాతానికి తగ్గించారు. అంటే మీ ఆడపడుచులు మా ఇంటికొస్తే 5. వాళ్ల పిల్లలు అమ్మమ్మగారింటికి వస్తామంటే 50. (అదే బడ్జెట్‌లో రొయ్యల మేత మీద కూడా సుంకం 5కి దించారు. మా ఊరి కొట్లో మేత బస్తాకి ఆ కబురు ఇంకా అందలేదు.)

ఇవన్నీ పెద్దవాళ్ల వ్యవహారాలు, పోనీయండి. నన్ను నిద్ర పోనివ్వనిది వేరే.

మీ దేశంలో వాళ్లు పెద్ద రొయ్య తింటారు. 30, 40, 50 కౌంట్లు. నాది వంద. అంటే ఒక్కోటి పది గ్రాములు. కావాలని చిన్నగా పట్టలేదండి. ఈహెచ్‌పీ అనే రోగం తగిలిన చెరువులో రొయ్య మేత తింటుంది గానీ ఎదగదు. ఇంకో నెల ఉంచితే ఖర్చే గానీ బరువు రాదని తీసేశాను. ఇలాంటి చిన్న సరుకుకి పెద్ద గిరాకీ చైనాలో ఉంది. మీ వాల్‌మార్ట్ అరలో నా రొయ్య ఎప్పుడూ కాలు పెట్టలేదు, పెట్టదు కూడా. మరి నా సరుకు చైనాకి పోతుంటే మధ్యలో మీరెవరండీ?

ఇదే మాట ఏజెంటుని అడిగాను. "పెద్ద కౌంట్లు కదలక కోల్డ్ స్టోరేజీలు నిండిపోయాయండి, అందుకని అన్నిటికీ తగ్గించారండి" అన్నాడు. ఒప్పుకుందాం. మరి ఏప్రిల్‌లో నిన్ను చూసి పడిన రేటు, నువ్వు సెలవు పెట్టగానే అంతే వేగంగా ఎందుకు లేవలేదు? నీ పేరు వినగానే పూటలో పడుతుందే, నువ్వు వెనక్కి తగ్గినప్పుడు "చూద్దామండి, మార్కెట్ నిలకడ అవ్వాలండి" అంటారే, ఆ నిలకడ అవ్వాల్సిన మార్కెట్ ఏ దేశంలో ఉంది? నువ్వు మామీద పడకముందు ఈ పాతిక ఏ పేరు మీద కోసేవారో కూడా నాకు గుర్తే. పెంకు మెత్తగా ఉందని, సైజు కలవలేదని, చైనాలో పండగ అయిపోయిందని. ఇప్పుడు అన్నిటికీ కలిపి నువ్వొక్కడివి దొరికావు. రోగాలన్నిటికీ ఒకే గోలీ.

క్షమించాలి, ఏకవచనం దొర్లింది. దిద్దే ఓపిక లేదు.

చదువుకున్నవాళ్లు చెబుతారు, సుంకం కట్టేది అక్కడ సరుకు దించుకునేవాడేనట. అతను మా ఎగుమతిదారుని తగ్గించమంటాడు. ఎగుమతిదారు ఏజెంటుకి చెబుతాడు. ఏజెంటు గట్టు మీదకొస్తాడు. నా తర్వాత ఎవరూ లేరు. మేత తగ్గించుకోమని రొయ్యకి చెప్పి చూశాను, వినలేదు. నీరు పల్లమెరుగు, సుంకం రైతునెరుగు.

కాగితం మీద మేం గొప్పవాళ్లమే. 2024-25లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ ₹62,408 కోట్లు. అందులో సింహభాగం రొయ్యది, రొయ్యలో సింహభాగం ఆంధ్రాది, కొనేవాళ్లలో మొదటివాడు అమెరికా వాడు. ఈ లెక్క మీటింగుల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లే ఇప్పుడు "మనమే ఎక్కువ తినాలి, లోకల్ మార్కెట్ పెంచుకోవాలి" అంటున్నారు. మంచిదే. హైదరాబాద్‌లో మా అమ్మాయి రొయ్యల వేపుడు ఆర్డర్ చేసిందట. ప్లేటు ధర చెప్పింది. నా కిలో రేటు కంటే ఎక్కువ. ప్లేటులో ఎనిమిది ఉన్నాయట.

కాబట్టి తమరిని రద్దవమని అడగను, అది మా స్థాయి కాదు. ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఏ రోజు ఏ అంకె రాసుకుంటే ఆ రోజుకి అదే న్యాయం. నాకో చిన్న ఉపకారం చేయండి చాలు. తమ లెటర్‌హెడ్ మీద, "వంద కౌంట్ రొయ్యతో మాకెలాంటి సంబంధం లేదు, దాని రేటు తగ్గించమని మేమెవరికీ చెప్పలేదు" అని ఒక కాగితం రాసి పంపండి. ఇంగ్లీషులో ఉన్నా ఫర్వాలేదు. ముద్ర మాత్రం పెద్దదిగా కొట్టండి. రెండో చెరువు పట్టుబడి వచ్చే వారం ఉంది. వల దిగే లోపు అందితే ఏజెంటుకి చూపిస్తాను.

పోస్టులో వేయకండి. ఆగస్టు నెలాఖరు నుంచి మన రెండు దేశాల మధ్య పార్సిళ్ల సంగతి కూడా తమ పుణ్యమా అని అయోమయంగా ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
ఒక వంద కౌంట్ రైతు