స్టీవ్ కెర్ ఉంగరాలన్నీ పక్కవాళ్ళ పుణ్యమేనా?

బెంగళూరులో పిల్లల్ని బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకి తిప్పే తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆటగాడిగానూ కోచ్‌గానూ కప్పులు (వాటితోపాటు ఇచ్చే ఉంగరాలు) గెలిచిన స్టీవ్ కెర్ ఆడినంతకాలం షికాగో స్టార్ మైకేల్ జోర్డాన్ నీడలో ఆడాడు, కోచ్ అయ్యాక గోల్డెన్ స్టేట్ వారియర్స్ అనే తయారుగా ఉన్న జట్టు చేతికొచ్చింది, అతను లేకపోయినా ఆ జట్టు వరసగా 24 మ్యాచ్‌లు గెలిచింది, కాబట్టి పిల్లల్ని ఒకప్పటి పెద్ద స్టార్ల దగ్గరే చేర్చండి. ఆ చివరి మాట లేకపోతే నేను పట్టించుకునేవాణ్ణి కాదు. దాన్ని నమ్మి మంచి కోచ్‌ని వదులుకుంటే నష్టపోయేది పిల్లలు.

ముందు నీడ సంగతి. జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1988లో, కెర్ 50వ ఎంపిక. అప్పటికే మోకాలి దెబ్బతో కాలేజీలో ఒక సీజన్ మొత్తం పోయింది. అయినా ఎన్‌బీఏలో 15 సీజన్లు నిలిచాడు. మూడు పాయింట్ల షాట్లలో అతని 45.4 శాతాన్ని ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1997 ఫైనల్స్ (నాలుగు మ్యాచ్‌లు ముందు గెలిచినవాళ్ళకే కప్పు) ఆరో మ్యాచ్‌లో స్కోరు 86-86 ఉన్నప్పుడు జోర్డాన్‌ని ఇద్దరు చుట్టుముట్టారు. బంతి కెర్‌కి వచ్చింది, బుట్టలో పడింది, షికాగోకి కప్పు వచ్చింది. జోర్డాన్ ఎవరికి పడితే వాళ్ళకి అలాంటి బంతి ఇచ్చే మనిషి కాదు. 2003లో డాలస్ మీద కూడా అంతే: 37 ఏళ్ళ వయసులో బెంచీ మీంచి లేచి వచ్చి నాలుగు త్రీ పాయింటర్లు కొట్టి అప్పటి తన జట్టు స్పర్స్‌ని ఫైనల్‌కి చేర్చాడు.

"తయారుగా ఉన్న జట్టు" అన్నదాంట్లో సగం నిజముంది. స్టార్ ఆటగాళ్ళు కర్రీ, థాంప్సన్, గ్రీన్ కెర్ రాకముందే వారియర్స్‌లో ఉన్నారు. కెర్‌కి ముందు కోచ్ మార్క్ జాక్సన్ శిక్షణలో 2013-14లో 51 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) తొలి రౌండ్‌లోనే ఇంటికెళ్ళారు. లీగ్ మొత్తంలో అతి తక్కువ పాస్‌లు వేసిన జట్టు అదే. అంతకుముందు ఒక్కరోజు కూడా కోచింగ్ చేయని కెర్ పట్టుకున్నది సరిగ్గా ఆ లోపాన్నే. బంతి చేతులు మారడం మొదలైంది. దాదాపు అదే ఆటగాళ్ళతో మరుసటి ఏడాది 67 విజయాలు, కప్పు.

నాకు అంతకంటే పెద్దగా కనిపించేది ఆ జట్టులోని ఆండ్రీ ఇగ్వొడాలా విషయం. అప్పటిదాకా లీగ్‌లో ప్రతి సీజన్, ప్రతి మ్యాచ్ మొదటి ఐదుగురిలో ఆడినవాణ్ణి బెంచీకి ఒప్పించడం మాటలు కాదు, మొహం మాడ్చుకునేవాళ్ళే ఎక్కువ. అతను ఒప్పుకున్నాడు. 2015 ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ 2-1తో ముందున్నప్పుడు, కెర్ పొడగరి బోగట్‌ని పక్కనపెట్టి ఇగ్వొడాలాతో మొదలుపెట్టాడు. వరసగా మూడు గెలిచారు, ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఇగ్వొడాలానే. ఆ ఆలోచన తన సిబ్బందిలోని నిక్ యురెన్ అనే కుర్రాడిదని కెర్ అందరి ముందూ చెప్పాడు. కుర్రాడి మాట విని ఫైనల్స్‌లో జట్టునే మార్చిన కోచ్‌ని అదృష్టవంతుడని ఎలా కొట్టిపారేస్తాం?

24 మ్యాచ్‌ల మాట నిజమే. 2015లో వెన్ను ఆపరేషన్ తర్వాతి నొప్పులతో కెర్ దూరమైతే, అసిస్టెంట్ ల్యూక్ వాల్టన్ నడిపించాడు. నడిపించింది మాత్రం కెర్ నేర్పిన ఆటనే. తర్వాత వాల్టన్ మరో జట్టు లేకర్స్‌కి మూడు సీజన్లు హెడ్ కోచ్‌గా ఉన్నాడు, ఒక్కసారీ ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు. గాయాలతో ఆటగాళ్ళు లేని 2019-20లో కెర్ కూడా 15 గెలుపులు, 50 ఓటములతో అట్టడుగున మిగిలాడన్నదీ నిజమే. రెండేళ్ళకి, 2022లో, మళ్ళీ కప్పు తెచ్చాడు.

ఇక స్టార్ల దగ్గరే చేర్చమన్న సలహా. మ్యాజిక్ జాన్సన్‌ కంటే స్టార్ ఎవరు? 1994లో లేకర్స్‌కి కోచ్‌గా 16 మ్యాచ్‌ల్లో 5 గెలిచి దిగిపోయాడు. కోచ్‌గా 11 కప్పులు తెచ్చిన ఫిల్ జాక్సన్ ఆడే రోజుల్లో న్యూయార్క్ నిక్స్‌లో ఎక్కువగా బెంచీ ఆటగాడే. బిల్ రస్సెల్‌లాంటి మహా ఆటగాడు ఆడుతూనే కోచ్‌గా 1968, 1969 కప్పులు తెచ్చాడు, అదీ ఉంది. అంటే ఆడిన పేరు చూసి కోచ్‌ని ఎంచుకోలేం. కంఠీరవ స్టేడియంలోనో మీ వీధి కోర్టులోనో ఫీజు కట్టేముందు ఒక పూట ప్రాక్టీసు చూడండి. షాట్ తప్పిన పిల్లాడికి కోచ్ ఏం చెబుతున్నాడో వినండి. గోడ మీది పాత ఫొటోలు ఆ తర్వాత చూడొచ్చు.